ఉతకని కోటు

జగ్గయ్యపేట దాటాక హైవే పక్కనున్న చిన్న ల్యాబ్‌లో జాయిస్ చేతిలో పడ్డ ఫ్లాస్కు తళతళలాడాల్సిందే. ఆమె వీరులపాడు బడిపంతులు జ్ఞానయ్య కూతురు. చిన్నప్పుడు పలక కడిగి ఆరబెట్టుకుంటే గానీ అక్షరం దిద్దేది కాదట. పెద్దయ్యాక ఆ జబ్బు ముదిరింది. నందిగామలో ఆమె ఇంటికొచ్చే చుట్టాలు గుమ్మం దగ్గరే తమ కాళ్లు చూసుకుంటారు.

పక్క బల్ల థామస్‌ది. మనిషి బంగారం. కోటు మాత్రం ఒకప్పుడు తెల్లగా ఉండేదంటే నమ్మడం కష్టం. మందు తీసిన గరిటెను ఆ కోటు చేతికే తుడిచేస్తాడు. కోటు ఉతికించమని జాయిస్ అనని రోజు లేదు.

ఈ ఏడాది ఆమెకో చక్కెర ఫాస్ఫేట్ తయారుచేసే పని అప్పగించారు. చక్కెర అణువుకు చేతులెక్కువ, ఫాస్ఫేట్‌ను పట్టుకోవలసింది మాత్రం ఒక్కటే. మిగతా చేతులన్నీ ముందే కప్పేసి, ఆ ఒక్కదానికి ఫాస్ఫేట్ తగిలించి, ఆనక కప్పినవి విప్పాలి. అవన్నీ జాయిస్ చక్కగా చేసింది. చివరికి మిగిలిన పాకం స్ఫటికాలు కట్టాలి. అక్కడ పాకం మొండికేసింది. జాయిస్ చల్లబెట్టింది, గాజుకడ్డీతో గోకింది, బతిమాలింది కూడా. సోమవారానికి పొడి చూపించకపోతే పని హైదరాబాద్ ల్యాబ్‌కు పోతుంది. ఇన్నేళ్లకు తన పేరున వచ్చిన తొలి పని అది. తలచుకుంటేనే ఏడుపొచ్చింది.

పాలకు తోడులాగా పాత స్ఫటికం రవ్వంత వేస్తే చాలు, పాకం గట్టిపడుతుంది. పోయినేడు థామస్ ఇదే సరుకు కాస్త చేశాడు. అతని ఫ్లాస్కు అడుగున తెల్లగా అంటుకున్న రవ్వలు బీరువాలో నెలల తరబడి ఉన్నాయి. వాటిని మొన్ననే తోమి కడిగేసిన మహాతల్లి జాయిస్సే.

అప్పుడు గుర్తొచ్చింది, ఆ కోటు చెయ్యి. తిరిగి చూస్తే థామస్ ఒంటిమీద కోటు లేదు.

"మీ కోటేదండీ?"

"రోజూ మీతో తిట్లు తినలేక ఇంటికి పట్టుకెళ్లా. ఇవాళ గ్రేసీ ఉతుకుతానంది."

గ్రేసీ అతని భార్య. ఫోనెత్తలేదు. ఇద్దరూ స్కూటీ మీద పేటలోకి పరిగెత్తారు. పెరట్లో బకెట్ నిండా నురగ చూసి జాయిస్ అటు ఉరికింది.

"కోటు వేసేశారా అండీ?"

"అది మా బట్టల్లో కలుపుతానా?" అని గ్రేసీ చేతిలోని బట్టల కర్రతో గోడవైపు చూపించింది. కోటు విడిగా, పొడిగా వేలాడుతోంది. ఆ మురికి కోటును జాయిస్ రెండు చేతులా గుండెకు హత్తుకుంది. థామస్ తల తిప్పుకుని నవ్వాపుకున్నాడు.

కోటు చేతి అంచున గట్టిపడ్డ తెల్లపొడి ఒక రవ్వ గోకి పాకంలో వేశారు. టీ తాగి వచ్చేసరికి ఫ్లాస్కంతా తెల్లగా గడ్డకట్టింది. మళ్లీ కరిగించి శుభ్రం చేసి, మెషీన్‌లో పరీక్ష చేస్తే సరిగ్గా కావలసిన సరుకే. సోమవారం పొడి చూపించారు. పని జాయిస్ దగ్గరే ఉండిపోయింది.

పాత కోటు ఇప్పుడు కవర్లో భద్రంగా ఆమె బీరువాలో ఉంది. థామస్ కొత్త కోటులో వచ్చాడు. అలవాటుగా గరిటె కోటు చేతిదాకా తెచ్చి, ఉలిక్కిపడి ఆమెవైపు చూశాడు.

"కానివ్వండి," అంటూ జాయిస్ మొహం అటు తిప్పుకుంది.