అమ్మకు చెప్పిన కొలతలు

మా ఆడపడుచు పెళ్ళి గ్లాస్గోలోనే అని ఖాయమైన రోజు అందరూ హాలు గురించీ, వంటల గురించీ మాట్లాడుకున్నారు. నా జాకెట్టు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మా అత్తమామలు అప్పటికే పోయారు కాబట్టి కన్యాదానం మేమిద్దరమే చెయ్యాలి. అంటే మా ఆయన పెళ్ళికొడుకు కాళ్ళు కడుగుతూంటే చెంబెత్తి నీళ్ళు పొయ్యాల్సింది నేను. వీడియో తీసేవాడు సరిగ్గా అప్పుడే దగ్గరికొస్తాడు. చంక దగ్గర కుట్టు పుటుక్కుమందా, ఆ సీడీ చూసిన ప్రతి ఇంట్లోనూ నేనే వినోదం. తల్లిలేని పిల్ల పెళ్ళిలో తల్లి స్థానంలో కూర్చుని దాని పరువు తీస్తానేమోనని నాకు నిజంగానే భయం పట్టుకుంది.

పట్టుచీర అమ్మ మా ఊళ్ళోనే కొంది. జాకెట్టు కూడా అక్కడే కుట్టించి పెళ్ళికొచ్చేవాళ్ళతో పంపిస్తానంది. మా ఊరి టైలరుకి మనిషితో పనిలేదు, ఆది జాకెట్టు ఉంటే చాలు. దాన్ని బల్ల మీద పరిచి అచ్చం అలాంటిదే ఇంకోటి కుట్టేస్తాడు. నా ఆది ఎప్పుడూ అతని దగ్గరే ఉంటుంది, నా పెళ్ళినాటిది. ఆ తరవాత నేను స్కాట్లండ్ వచ్చాను, వెన్న రాసిన బ్రెడ్డు రుచి మరిగాను, ఒక పిల్లని కన్నాను. పాపం, ఆదికి ఇవేవీ తెలియవు. ఏటా దాని ప్రకారం జాకెట్లు వస్తూనే ఉన్నాయి, నేను "భలే సరిపోయిందమ్మా" అని ఫోన్లో చెబుతూనే ఉన్నాను. అవన్నీ బీరువాలో హాయిగా ఉన్నాయి. నేను మాత్రం సాగే గుడ్డ రెడీమేడ్ జాకెట్టు తొడిగి, పైన కార్డిగన్ వేసుకుని తిరిగేదాన్ని.

పీటల మీద కార్డిగన్ కుదరదు కదా! అందుకని ఈసారి కొలతలే పంపుదామనుకున్నాను. టేపు పట్టే భాగ్యం మా ఆయనకు దక్కింది. ఆయన సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగ్ చేస్తారు, అంటే ఎదుటివాళ్ళ తప్పులు పట్టినందుకు జీతం తీసుకుంటారు. ఇంట్లో ఉన్నది షెల్ఫులు బిగించేటప్పుడు కొన్న ఇనప టేపు. అది నా చుట్టూ తిరగనని మొరాయించడంతో పురికొస చుట్టి, ఆ పురికొసని టేపు మీద పెట్టి కొలవడం మొదలెట్టారు.

"స్వెటర్ విప్పు," అన్నారు.

"చలిగా ఉంది. హీటింగ్ వెయ్యనిస్తేగా మీరు!"

"మనం కుట్టించేది జాకెట్టా, స్వెటరా?"

విప్పాను. "ఊపిరి బిగబట్టావు కదూ?" అన్నారు. లేదని తల అడ్డంగా ఊపాను. "ఆ మాట నోటితో చెప్పు," అన్నారు మహానుభావుడు. చెప్పాను. పురికొస చాల్లేదు.

ఇంకో ముక్క ముడేసి కొలిస్తే ఛాతీ ముప్ఫై ఎనిమిది తేలింది. ఆయన కాగితం మీద రాసి, కింద గీత కూడా కొట్టారు. ఆ గీత అవసరమా?

ఆదివారం ఫోన్ కార్డు గీకి అమ్మకి చేశాను. భుజం, చేతి పొడవు, మెడ లోతు గడగడా చదివేశాను. ఛాతీ దగ్గరికొచ్చేసరికి నా నోరు దానంతటదే ముప్ఫై ఆరు అంది. ఏం చెయ్యను? ఆ టైలరు కొట్టు మా వీధి మొదట్లోనే ఉంది, అసలు సంఖ్య చెబితే సాయంత్రానికి వీధంతా నా ఒళ్ళు గురించే మాట్లాడుకుంటుంది. "లోపల కాస్త గుడ్డ వదలమనమ్మా, ఎందుకైనా మంచిది," అని తెలివిగా ముక్తాయించాను. అమ్మ "సర్లే" అని పెట్టేసింది.

పెళ్ళి ముందురోజు జాకెట్టు వచ్చింది. తిరగేసి చూస్తే లోపల వదిలిన గుడ్డ అంగుళం కూడా లేదు. బాత్రూంలో గడియ పెట్టుకుని, దేవుడా అనుకుంటూ తొడిగాను. హుక్కులు వరసగా పడిపోయాయి. చెయ్యెత్తాను, వంగాను, లేచాను. ఎక్కడా పట్టలేదు.

వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. "నా కొలతలతోనే కుట్టాడా?"

"నీ కొలతలు నమ్ముకుంటే పీటల మీద పరువు పోయేది. నీ వయసప్పటి నా జాకెట్టు ఒకటుంటే ఆదికిచ్చాను," అంది అమ్మ. "నేను మాత్రం మీ అమ్మమ్మకి నిజం చెప్పేదాన్నా ఏంటి?"

ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి. మర్నాడు పీటల మీద చెంబు ఎంత ఎత్తు ఎత్తానంటే, పంతులుగారు "చాలమ్మా, కిందకి పొయ్యండి" అనాల్సి వచ్చింది. వీడియో అతను ఎంత దగ్గరికొచ్చినా బెదరలేదు.

కాళ్ళు కడిగే తంతు ముగిశాక ఆడపడుచుని తెచ్చి నా పక్కన కూర్చోబెట్టారు. మొహం ఎర్రగా కంది ఉంది. అప్పగింతల దుఃఖం ఇప్పుడే మొదలైందేమిటా అని చెయ్యి పట్టుకున్నాను.

"వదినా, ఊపిరాడట్లేదు," అంది గుసగుసగా. "నా జాకెట్టు కొలతలు టైలరుకి ఫోన్లో నేనే చెప్పా. కొంచెం తగ్గించి చెప్పా."

పెళ్ళి కుదిరిన దగ్గర్నుంచీ నా జాకెట్టు గోలే తప్ప, నీది సరిపోయిందా అని ఆ పిల్లని అడిగిన పాపాన పోలేదు. తల్లి స్థానమట, తల్లి స్థానం! పైట సర్దుతున్నట్టు దాని మీదికి వంగి, కొంగు చాటున రెండు హుక్కులు తీశాను. పిల్ల నా భుజానికి ఆనుకుని గట్టిగా ఊపిరి పీల్చుకుంది.