టేపులో ఒక్క మాట

ఇంట్లోవాళ్ళు ఆమెకు పెట్టిన పేరు రెండుసార్లమ్మ. పెట్టింది కూతురే, పదేళ్ళ వయసులో. గ్యాసు కట్టేశాక వీధి గుమ్మం దాకా వచ్చి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళి చూసి వచ్చేది ఆమె. తాళం వేసి లాగి చూసి, నాలుగడుగులు నడిచి, తిరిగొచ్చి మళ్ళీ లాగేది. పిల్లకు చెవిపోటు వస్తే, మందు చుక్కలు వేసే ముందు ఏ చెవో అడిగి, ఆ వైపు అరచేతిలో పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టేది.

"అమ్మా, నొప్పి నాది. ఏ చెవో నాకు తెలీదా?" అనేది పిల్ల.

"తెలుసులే. అయినా ఉండనీ."

పెళ్ళైన కొత్తలో ఆమె అలా ఉండేది కాదు. ఈ అలవాటు ఎప్పుడు మొదలైందో భర్తకు గుర్తు లేదు. ఆమెకు తేదీతో సహా గుర్తుంది.

ఆమె ఒక బడి ఆఫీసులో చాలా ఏళ్ళు టైపిస్టుగా చేసి రిటైరైంది. ఆ తర్వాతి ఏడు ఇంటికి రంగులు వేయించాలనుకున్నారు. ఒక ఆదివారం పొద్దున్నే భర్త నిచ్చెన వేసుకుని అటకెక్కాడు. అదే ఊళ్ళో కాపురం ఉంటున్న కూతురు వచ్చి కింద నిలబడి ఒక్కొక్కటే అందుకుంది. ఆయన కరెంటు ఆఫీసులో మీటర్ల పని చేసిన మనిషి. తీగ ఉన్న వస్తువు దేన్నీ పారేయడానికి ఆయనకు చేతులు రావు. వేలు పెట్టి తిప్పే ఫోను దిగింది, దాని కింద నుంచి అట్ట ఊడిన టెలిఫోన్ డైరెక్టరీ దిగింది. రీలు కెమెరా, పేజరు, ఓ పెట్టెడు ఫ్లాపీలు దిగాయి. కూతురు నేలమీద చతికిలబడి ఫోను చక్రం తిప్పింది. తొమ్మిది దగ్గర వేలు పెట్టి వదిలితే అది గరగరమంటూ నింపాదిగా వెనక్కి వచ్చింది.

"ఇది తిరిగొచ్చేలోపు ఎవరికి చేస్తున్నామో మర్చిపోతాం నాన్నా."

"ఆ రోజుల్లో అదే మంచిదైంది. నంబరు తిప్పడం అయ్యేసరికి సగం కోపం చల్లారేది" అన్నాడాయన పైనుంచి.

వంటింటి గుమ్మంలో నిలబడి ఆమె కూడా నవ్వింది. పేజరును చేతిలోకి తీసుకుని బరువు చూసింది. అప్పుడే భర్త ఇంకొకటి కిందికి అందించాడు. ఇటుకంత బూడిదరంగు పెట్టె. దాని తీగ చివర ఒక నల్లటి పెడల్ వేలాడుతోంది.

"ఇదేంటి, కుట్టుమిషన్ ముక్కా?" అంది కూతురు.

"మీ అమ్మది. ఆసుపత్రి ఉద్యోగం నాటిది. ఇంకా ఉందే" అన్నాడాయన.

ఆమె ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది గానీ చేతిలోని పేజరును కింద పెట్టేసింది. పెట్టె కిటికీలోంచి లోపల చిన్న క్యాసెట్ కనిపిస్తోంది. దానిమీద డాక్టరు చేతిరాతలో ఒక తేదీ ఉంది.

ముప్పైయొక్కేళ్ళ కిందట ఆమె పెద్దాసుపత్రిలో టైపిస్టు. ఎక్స్‌రే డాక్టరు ఫిల్ములు చూస్తూ, తనకు కనిపించిందంతా చిన్న టేపులోకి చెప్పేవాడు. ఆమె చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విని టైపు కొట్టేది. పెడల్ మీద మునివేళ్ళతో తొక్కితే టేపు నడుస్తుంది, మడమతో తొక్కితే వెనక్కి పోతుంది. ఆ పనిలో ఆమెను మించినవాళ్ళు లేరనేవారు. డాక్టరు దగ్గొస్తే ఏ మాట మింగేశాడో కూడా చెప్పగలిగేది. కూతురు పుట్టాక కొన్నాళ్ళు ఇంటి దగ్గరే పని చేసుకుంటానంటే ఆసుపత్రివాళ్ళు టేపు పెట్టె, టైపు మిషన్ రెండూ ఇచ్చి పంపారు.

పిల్లకు ఎనిమిదో నెలలో ఒకసారి ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. భర్త మందుల షాపుకు పరిగెత్తాడు. సాయంత్రం ఆరింటికల్లా రిపోర్టులు పంపాలి. ఆమె పిల్లను ఒళ్ళో వేసుకుని, ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రెండో చెవితో ఏడుపు వింటూ టైపు కొట్టింది. కొట్టినవి మళ్ళీ చదవలేదు.

పది రోజుల తర్వాత రిపోర్టులు ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్తే, టీ దగ్గర వార్డు సిస్టర్ గొంతు తగ్గించి చెప్పింది. బడిలో డ్రాయింగు చెప్పే మాష్టారికి కిడ్నీలో రాయి ఉంటే, ఒక వైపుకు బదులు ఇంకో వైపు కోశారట. పెద్ద గొడవైందట. ఆ మాష్టారి రిపోర్టు కొట్టింది తనేనని ఆమెకు తెలుసు. మర్నాడు ఏదో పనున్నట్టు వార్డుకు వెళ్ళి, సిస్టర్ భుజం మీదుగా ఫైలు చూసింది. 'లెఫ్ట్' అని ఉంది. తన టైపే. ఆ టైపు మిషన్‌కు 'ఎఫ్' అక్షరం కొంచెం కిందికి జారుతుంది.

డాక్టరే ఎడమ అన్నాడేమో. ఆ రోజు నుంచి ఆమె ఆ 'ఏమో'ను పట్టుకుని బతికింది. ఎవరూ ఆమెను పిలిచి అడగలేదు. ఏడాది తిరక్కుండా ఉద్యోగం మానేసింది. ఆసుపత్రిలో కంప్యూటర్లు వచ్చాయి, పాత టేపు పెట్టె ఏమైందని ఎవరూ అడగలేదు. ఆ వారం టేపు తిరిగిచ్చేశాననే అనుకుంటూ వచ్చింది. ఇవ్వలేదు.

కూతురు మిగతావి తుడిచి వరసగా పెడుతుంటే ఆమె ఆ పెట్టెను తీసుకెళ్ళి బీరువాలో దుప్పట్ల కింద పెట్టింది. తర్వాత నాలుగు రోజులు కూరలో ఉప్పు ఎక్కువవడం, పాలు పొంగిపోవడం. బీరువా తలుపు వేసి ఉందో లేదో చూడటానికి పొద్దున ఎన్నిసార్లు వెళ్ళేదో లెక్క లేదు. పారేస్తే సరిపోతుంది. చెత్తబండి వీధిలోకి వచ్చినప్పుడల్లా పెట్టె తీసి చేతిలో పట్టుకునేది. బండి వెళ్ళిపోయేది. మళ్ళీ దుప్పట్ల కింద పెట్టేది.

ఐదో రోజు సంచిలో వేసుకుని బజారుకు బయల్దేరింది. అక్కడ రేడియోలు, గడియారాలు బాగుచేసే ముసలాయన ఒకడున్నాడు. మూత విప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"దీన్ని చూసి ఎన్నేళ్ళైందమ్మా. మోటారు చూడండి, వజ్రం. ఇప్పుడిలాంటివి ఎవరు చేస్తున్నారు?"

"ఆడుతుందా?"

"లోపల బెల్టు కరిగి జీడిలా అంటుకుపోయింది. కొత్తది వేస్తాను. మిషన్ ఆడుతుంది. టేపు మాత్రం పూచీ లేదు. ఒక్కసారి ఆడొచ్చు. వెనక్కి తిప్పితే తెగొచ్చు. ఏముంది ఇందులో, పాటలా?"

"కాదు" అంది. ఏముందో చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత అదే షాపులో, స్టూలు మీద కూర్చుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. ఈసారి రెండు చెవులకూ. చెప్పు విడిచి పెడల్ మీద పాదం ఉంచింది. పాదానికి అంతా గుర్తుంది. ఎంత నొక్కాలో, ఎక్కడ ఆపాలో దానంతటదే చేసుకుపోయింది. డాక్టరు గొంతు వచ్చింది. ఆయన పోయి పన్నెండేళ్ళు. టీ చప్పరించిన చప్పుడు, ఫిల్ము తీసి పెడుతుంటే ఫెళఫెళమన్న మోత. ఒక ముసలామె ఊపిరితిత్తులు. ఒక డ్రైవరు తుంటి ఎముక. తర్వాత మాష్టారి పేరు, వయసు నలభై ఆరు.

"రైట్ కిడ్నీలో రాయి. లెఫ్ట్ కిడ్నీ నార్మల్."

దగ్గు లేదు, గరగర లేదు, ఎక్కడా మాట మింగలేదు. గంట కొట్టినట్టు చెప్పాడు. ఆమె మడమ తనంతట తనే పెడల్‌ను వెనక్కి తొక్కింది. టేపు కీచుమని, చటుక్కున తెగింది.

"అయ్యో, చెప్పాను కదమ్మా" అన్నాడు ముసలాయన. "అతికించి ఇస్తాలెండి, కంగారు పడకండి."

"వద్దు. వినేశాను."

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. భర్త అన్నానికి కూర్చున్నాడు, పక్కన కూతురు. కంచాల ముందే చెప్పేసింది, మొదటి నుంచి చివరి దాకా, గుక్క తిప్పుకోకుండా. భర్త ముద్ద కలిపిన చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"ముప్పై ఏళ్ళా? నాకొక్క మాట చెప్పలేదేం?"

"చెప్తే నిజమైపోతుందని."

"ఆ డాక్టరు సంతకం పెట్టాడు కదా. చదవకుండానే పెట్టాడా?"

"చదవకుండానే పెట్టేవాడు. నేను తప్పు కొట్టనని."

కూతురు తన కంచం పక్కకు జరిపింది. తర్వాత మెల్లగా, "అంటే నా జ్వరం వల్లనా అమ్మా?" అంది.

"నువ్వు ఎనిమిది నెలల పిల్లవి. నీకేం తెలుసు? నేను మళ్ళీ చదవాల్సింది. రెండు నిమిషాల పని."

ఆ మాష్టారు ఉన్నాడో లేడో తెలుసుకోకుండా ఇక ఇంట్లో కూర్చోలేనంది. ఎలా తెలుసుకోవాలో మాత్రం తోచలేదు. భర్త చెయ్యి కడుక్కుని వచ్చి అటక మీది నుంచి దింపిన డైరెక్టరీ తెరిచాడు. పేజీలు తిప్పుతుంటే అంచులు పొట్టులా రాలాయి. పేరు దొరికింది, ఎదురుగా వీధి, ఇంటి నంబరు ఉన్నాయి. ఫోను చేస్తే ఆ నంబరు ఎప్పుడో పోయిందని వచ్చింది. "ఇల్లు పోదుగా" అన్నాడాయన.

మర్నాడు మధ్యాహ్నం కూతురితో కలిసి బస్సెక్కింది. దారి పొడవునా తలుపు తీసేవాళ్ళు ఏమంటారో ఊహించుకుంటూ కూర్చుంది. ఆయన ఆ ఆపరేషన్‌తోనే పోయాడంటే? పిల్లలు చదువు మానేశారంటే? దిగాల్సిన స్టాపు వచ్చినా లేవలేదు. కూతురు మోచెయ్యి పట్టుకుని లేపింది.

తలుపు తీసినావిడ మాష్టారి కోడలు. "మామయ్యా, మీకోసం ఎవరో వచ్చారు" అని లోపలికి కేక వేసింది. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో, ఒళ్ళో అట్ట పెట్టుకుని పెన్సిలుతో ఏదో గీస్తున్నాడు. డెబ్బై ఏడేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. నిలబడే చెప్పింది. దారిలో కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. "మీ రిపోర్టు కొట్టింది నేను. డాక్టరు కుడి అన్నాడు. నేను ఎడమ అని కొట్టాను" అంది.

ఆయన పెన్సిలు పక్కన పెట్టాడు. ముక్కుమీది కళ్ళజోడు తీసి, ఆమె వైపు చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎడమవైపు తెరిచారు. రాయి లేదని చూసి మూసేశారు. రెండు నెలలాగి కుడివైపు చేశారు. కిడ్నీలు రెండూ ఉన్నాయి, భయపడకండి. సర్జన్ నా మంచం దగ్గరికి వచ్చి, ఫిల్ము చూడకుండా కాగితం చూసి కోశాను, తప్పు నాదే అన్నాడు. కాగితం ఎవరు కొట్టారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు."

"మీకు కోపం రాలేదా?"

"రాకేం? ఒక ఏడాది బడి పోయింది. ఎవరిమీద కోపమో తెలియక అందరిమీదా చూపించాను. ఇంట్లోవాళ్ళమీద, క్లాసులో పిల్లలమీద. ఒక పిల్లాడి బొమ్మ చించేశాను కూడా. వాడి ముఖం ఇప్పటికీ కనిపిస్తుంది." ఆయన పెన్సిలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ఆ రోజు ఏం జరిగింది మీకు?"

ఆమె చెప్పింది. జ్వరం, ఒళ్ళో పిల్ల, ఒక చెవికి ఇయర్‌ఫోన్. వింటూ వింటూ ఆయన కూతురి వైపు తిరిగాడు.

"ఈ అమ్మాయేనా?"

కూతురు తలూపింది.

"జ్వరం తగ్గిందా?"

"తగ్గిందండీ" అంది కూతురు. ఆ మాటకు ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. కోడలు మంచినీళ్ళు తెచ్చింది.

క్షమించానని ఆయన అనలేదు. ఆమె అడగలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా వచ్చాడు.

"మీరు చెప్పడం మంచిదే. కానీ ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. నేను మర్చిపోయి చాలా ఏళ్ళైంది. ఇవాళ మీరు మళ్ళీ తెచ్చారు. ఇవాళ నాకు నిద్ర పట్టదు. అది కూడా తెలుసుకుని వెళ్ళండి."

బస్సులో కూతురు ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆమెకు అది తెలిసినట్టు లేదు. "ఈ వయసులో ఆయనకు నిద్ర లేకపోతే ఎలాగే? గుండె జబ్బు మనిషేమో. వెళ్ళకుండా ఉండాల్సిందా?" అని మాత్రం అంది. మాష్టారి కోడలు ఫోను నంబరు రాసిచ్చిన కాగితాన్ని కూతురు ఆమె చేతిలో పెట్టింది.

మర్నాడు తొమ్మిదింటికి, కోడలు ఇచ్చిన నంబరుకు ఫోను చేసింది. మామయ్య స్నానం చేస్తున్నారు, అరగంటాగి చేయండి అంది కోడలు. ఆ అరగంటా ఆమె గోడగడియారం కింద కుర్చీ వేసుకుని కూర్చుంది. భర్త టీ తెచ్చి పక్కన పెట్టి, తనూ ఒక కుర్చీ లాక్కున్నాడు.

"నిద్ర పట్టలేదు. చెప్పాను కదా" అన్నాడు మాష్టారు ఫోనులోకి వచ్చి. "లేచి, ఆ చించేసిన బొమ్మ ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకుని గీశాను. బాగా రాలేదు. పిల్లాడే బాగా గీశాడు."

"మందులు వేసుకున్నారా?" అని అడిగింది ఆమె.

"వేసుకున్నాను. రోజూ చెయ్యకండి. నాకు విసుగు. ఆదివారం చెయ్యండి."

సరేనంది. ఆదివారం ఎన్ని గంటలకో అడగడం మర్చిపోయానని ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది.