నా స్కూటీ మోసిన పాల లోడు

బుడమేరు వాగు పొంగిన ఆ సెప్టెంబరులో ఫలానా డెలివరీ కంపెనీయే లేకపోతే సింగ్‌నగర్ ఆకలికి మాడిపోయేదని సభల్లో చెబుతుంటారు. చెప్పేవాళ్లలో ఆ నీళ్లలో కాలు పెట్టినవారు ఒక్కరూ లేరు. నేనప్పుడు డిప్యూటీ తహసీల్దారుని. ఫ్లైఓవర్ దిగేచోట సహాయ సామగ్రి దించి, ఎక్కించే పాయింటుకి నన్ను ఇన్‌చార్జిగా వేశారు. స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను కనుక ఇప్పుడు మొహమాటం లేదు.

ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం కంపెనీ లారీలు వచ్చిన మాట నిజమే. పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు చక్కగా పేర్చి తెచ్చారు. ఆ పనితనాన్ని కాదనను. కాకపోతే లారీ ఫ్లైఓవర్ దాకానే. అవతల నడుంలోతు నీళ్లు, మేడల మీద చంటిపిల్లల తల్లులు. ఆ ఉక్కకి పాలు మధ్యాహ్నం దాకా ఆగవు.

చేపల వ్యాపారం చేసే దుర్గమ్మగారు సముద్రం ఒడ్డు నుంచి తన చిన్న పడవల్ని లారీల మీద తెచ్చి సిద్ధంగా ఉంచారు. కంపెనీ జోనల్ మేనేజరు సరుకు వదలనన్నాడు. ఎక్కించే బండి నంబరు యాప్‌లో కొడితేనే లోడు ‘రిలీజ్’ అవుతుందట.

“మా పడవ మీద గంగమ్మ తల్లి పేరుంటదండీ, ఏపీ పదహారు ఉండదు,” అన్నారు దుర్గమ్మ.

“సిస్టమ్ తీసుకోదండీ. ఆటో నంబరైనా ఇప్పించండి.”

“మీ లారీ నీళ్లలోకి దిగదు, మా పడవ మీ ఫోన్లోకి ఎక్కదు. పాలు విరిగాక పంచుదాం లెండి, తొందరేముంది.”

పై అధికారికి ఫోన్ చేస్తే, భాగస్వామ్య సంస్థతో సామరస్యంగా వెళ్లమన్నారు. ఎదురు మేడ మీంచి ఒకావిడ చంటిబిడ్డను ఎత్తి మాకు చూపిస్తోంది. ఆవిడకి సామరస్యం గురించి చెప్పమంటారా? నా స్కూటీ నంబరు చెప్పాను. మేనేజరు నా మొహంలోకి ఓసారి చూసి, అదే కొట్టాడు. యాప్ కిమ్మనలేదు. పడవ కదిలింది. ఆ రోజు వెళ్లిన ప్రతి పడవా యాప్ లెక్కలో నా స్కూటీయే.

నీళ్లు తీశాక బెంజ్ సర్కిల్ దగ్గరి హోటల్లో, ప్రైవేటు రంగం చేసిన సేవకంటూ కంపెనీ వారికి శాలువాలు కప్పారు. చివరి గడప దాకా చేర్చింది తామేనని వాళ్లు తెర మీద చూపించారు. నా స్కూటీ ట్రిప్పులూ అందులో కలిసిపోయాయి. దుర్గమ్మగారిని ఎవరూ పిలవలేదు. చేపల వ్యాపారం ప్రైవేటు రంగం కిందికి రాదు కాబోలు. నాకు మాత్రం మెమో వచ్చింది: ద్విచక్ర వాహనంపై టన్నుల కొద్దీ పాలు ఎలా రవాణా చేశారో సంజాయిషీ ఇవ్వాలట. వెనక సీటు కూడా వాడానని రాసిచ్చాను.

వరదలో సాయం ఆగిపోయేది సరుకు చేతులు మారేచోటే. అక్కడ ఎవరి మాట చెల్లాలో నీళ్లు రాకముందే తేల్చని ఒప్పందం శాలువాలకే పనికొస్తుంది. మేనేజరునీ, మెమో ఇచ్చినవారినీ ఒకటే అడిగాను: మళ్లీ బుడమేరు పొంగితే నొక్కడానికి ఆ యాప్‌లో ‘పడవ’ అన్న మాట చేర్చారా?