నేను మాత్రమే

లిఫ్టు ఆగిపోయినప్పుడు జనం మెకానిక్కు కోసం దేవుడికి ఎదురుచూసినట్టు ఎదురుచూస్తారు. అది కదలగానే ఎక్కి తలుపు మూసుకుని వెళ్లిపోతారు. లిఫ్టులు బాగుచేసే పెద్దమేస్త్రికి దాని మీద ఫిర్యాదేమీ లేదు. "మనం బాగుచేసేది వాళ్లు పైకి పోవడానికే కదా, మన పక్కన కూర్చోవడానికా!" అని తనే జోకేసి తనే నవ్వేవాడు. ఆ నవ్వు వినడానికి ఇంట్లో ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ జోకు బాగానే ఉండేది.

ఆవిడ పోయి నాలుగేళ్లయింది. రెండు గదుల ఇంట్లో ఇప్పుడతను ఒక్కడే. టేబులు దగ్గర రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో అతను కూర్చుంటాడు, రెండోదాంట్లో ఉతికిన బట్టలు కూర్చుంటాయి. బట్టలు మడతపెట్టడం ఆవిడ పని. అది తను మొదలుపెడితే ఆవిడ ఇక రాదని ఒప్పుకున్నట్టే అవుతుందని కాబోలు, కుప్పలోంచి రోజూ ఒక చొక్కా లాక్కుని, ముడతలతోనే వేసుకుని పనికి వెళ్తాడు.

ఈ మెకానిక్కుల దగ్గర ఒక పద్ధతి ఉంది. లిఫ్టు గోతిలో దిగితే ఫోను మోగదు. అందుకని ఎవరికైనా ఏదైనా చెప్పాలంటే కంపెనీ ఆన్‌లైన్‌లో పెట్టిన పేజీలో రాస్తారు. ఎవరి పేజీ వాళ్లది. టీ వేళకి పైకొచ్చి, ఒకరి పేజీలు ఒకరు తెరిచి చదివి, కింద జవాబు రాస్తారు. "నడుం పట్టేసింది, రేపు నా బదులు ఎవరైనా వెళ్లండ్రా." "కొత్త బండి కొన్నా, ఒక రౌండు వేసొస్తానని ఎవరూ అడగొద్దు." మంచీ చెడూ అన్నీ అక్కడే.

పేజీలు కొత్తగా వచ్చినప్పుడు పెద్దమేస్త్రి కూడా హుషారుగా తన జోకులు రాశాడు. ఒక్కరూ ఉలకలేదు, పలకలేదు. పనుల్లో ఉన్నారులే అనుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే ఆవిడ పోయింది. ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకుని నిలబడి రాశాడు: "మా ఆవిడ పోయింది. రేపు పొద్దున తొమ్మిదింటికి తీసుకెళ్తున్నాం. రండి."

మర్నాడు తొమ్మిది దాటింది. బావమరిది వచ్చి, "ఇంకెవరైనా రావాలా బావా?" అని అడిగాడు.

"మావాళ్లొస్తారు. ఒక్క పది నిమిషాలు."

బావమరిది మళ్లీ వచ్చాడు. అతను మళ్లీ పది నిమిషాలన్నాడు. వీధి మలుపులో బండి చప్పుడైన ప్రతిసారీ మెడ సాచి చూశాడు. మూడోసారి బావమరిది నోరు తెరవకముందే, "ఇంకెవరూ లేరు. పదండి," అన్నాడు.

చావుకి పిలుపు అక్కర్లేదు, తెలిస్తే చాలంటారు. ఇతను తెలియజెప్పడమే కాదు, రండని కూడా రాశాడు. అయినా ఎవరూ రాలేదు. ఆ మంట చల్లారలేదు. ముఖ్యంగా పొడుగాయన మీద. వాళ్లిద్దరిదీ ఏళ్ల తరబడి జంట. ఒకరు లిఫ్టు పెట్టె మీద నిలబడితే ఇంకొకరు కింద గోతిలో ఉంటారు. పైవాడు పొరపాటున మీట నొక్కితే కిందివాడు ఉండడు. అంత నమ్మకం ఉన్న మనిషి కూడా రాలేదు. పనిలోకి తిరిగొచ్చిన రోజున పొడుగాయన ఏదో అనబోయినట్టు చూసి, మొహం తిప్పేసుకున్నాడు. ఇతనూ తిప్పేసుకున్నాడు. అప్పట్నుంచీ వాళ్ల మధ్య నడిచిన మాటలు మూడే: "పైకి", "కిందికి", "ఆపు".

ఒక ఫోను చేస్తే పోయేది కదా అని మీరంటారు. నేనూ అంటాను. ప్రాణాలు ఒకరి చేతిలో ఒకరు పెట్టుకోగల మగవాళ్లు, "ఎందుకు రాలేదురా" అనే రెండు మాటలు పెట్టుకోలేకపోయారు. రోషం అలాంటిది. దానికి బుద్ధి ఉండదు.

విచిత్రమేమిటంటే పెద్దమేస్త్రి అందరి పేజీలూ చదవడం మానలేదు. సాయంత్రం పళ్లెం ముందు పెట్టుకుని, ఫోను నీళ్ల గ్లాసుకి ఆనించి చదివేవాడు. పొడుగాయనకి మోకాలి నొప్పి ఎక్కువైందని తెలుసు. మనవడికి మాటలొచ్చాయనీ తెలుసు. జవాబు మనసులోనే చెప్పుకుని, పళ్లెం కడుక్కునేవాడు. తన పేజీలో రాయడమూ మానలేదు. చదివి ఊరుకునేవాళ్లకి కాస్త సిగ్గయినా రావాలని రాసేవాడు. ఒకరోజు పొడుగాయన్ని పేరు పెట్టి తిట్టాడు. ఇంకోరోజు, "ఇవాళ లిఫ్టులో ఒక పాప నాకు టాటా చెప్పింది," అని రాశాడు. దానికీ జవాబు లేదు.

మొన్న ఆఫీసులో కంప్యూటర్లు చూసే అమ్మాయి అతన్ని పిలిచింది.

"మేస్త్రిగారూ, పేజీలన్నీ కొత్తదాంట్లోకి మారుస్తున్నానండీ. మీదొక్కటే తెరుచుకోవట్లేదు. తాళం వేసుంది."

"అవును, నేనే వేశాను. అయితే ఏంటమ్మా?"

ఆ అమ్మాయి అతని ఫోను తీసుకుని, మూలన ఏదో నొక్కి చూపించింది. 'ఎవరు చూడవచ్చు' అని ఉంది. దాని కింద 'నేను మాత్రమే' అని ఉంది.

"అదేనమ్మా. మేం కరెంటు తీగల పని మొదలుపెట్టేముందు మెయిన్ స్విచ్చి ఆపి, దానికి మా తాళం మేమే వేసుకుంటాం. మన పేరు రాసిన అట్ట దానికి తగిలించి, తాళంచెవి జేబులో పెట్టుకుంటాం. అట్ట అందరూ చదువుతారు, స్విచ్చి మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఇదీ అంతేగా? నేను రాసింది ఎవరూ చెరపకూడదని పెట్టా."

అమ్మాయి నెమ్మదిగా అంది. "ఇది ఆ తాళం కాదండీ. ఇది వేస్తే అట్ట కూడా కనపడదు."

అతనికి వెంటనే ఎక్కలేదు. ఎక్కాక కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ. మీరు తప్ప ఎవరూ చూడలేదు. చూడాలనుకున్నవాళ్లు అనుమతి అడుగుతూ మెయిల్ పంపుంటారే, మీకు రాలేదా?"

మెయిల్ తెరిచిన పాపాన పోతే కదా తెలియడానికి! ఆ అమ్మాయే తెరిచింది. చెప్పుల ప్రకటనల మధ్య, అప్పులిస్తామన్నవాళ్ల మధ్య, పొడుగాయన పేరుతో మూడు కనిపించాయి. మూడూ ఆవిడ పోయిన వారానివే.

"నీ పేజీ తెరుచుకోవట్లేదన్నా. కాస్త తెరువు."

"సూపర్‌వైజరు ఇప్పుడు చెబుతున్నాడు, చావుకబురు చల్లగా. వదిన సంగతి నిజమేనా? తెరువన్నా."

మూడోది చాలా చిన్నది. "మేం రాకూడదనుకున్నావన్నమాట. సరే."

పెద్దమేస్త్రికి ఏడుపు వచ్చింది. కూతురి వయసు పిల్ల ముందు ఏడవడం ఇష్టం లేక, ఫోను అద్దం మసకబారిందన్నట్టు చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చున్నాడు. నాలుగేళ్లుగా ఎవరూ తలుపు తట్టలేదని తిట్టుకున్నాడు. తట్టినవాణ్ణి బయట నిలబెట్టి, లోపల గడియ పెట్టుకుని కూర్చున్నది తనే.

"అందరికీ కనపడేలా పెట్టనాండీ? అప్పట్లో అడిగినవాళ్లకి తెరిచినట్టు కబురు కూడా వెళ్తుంది. ముందు చెరిపేసుకునేవి ఏమైనా ఉంటే చూసుకోండి."

"తిట్లున్నాయమ్మా," అన్నాడు. ఫోను ఆ అమ్మాయి వైపు జరిపి, "ఉండనీ. నిండా మునిగాక చలేంటి? ఉన్నదున్నట్టు తెరిచెయ్," అన్నాడు.

ఆ సాయంత్రం పళ్లెం ముందు పెట్టుకుని, తినకుండానే పక్కకి జరిపేశాడు. ఫోను గ్లాసుకి ఆనించి తన పేజీనే చూస్తూ కూర్చున్నాడు. పేజీ తెరిచి చూస్తున్నవాళ్లకి తలా ఒక రంగు చుక్క పైన వెలుగుతుంది; ఇన్నాళ్లూ అక్కడ తనదొక్కటే ఉండేది. ఇప్పుడు దాని పక్కన ఇంకో రంగు చుక్క వెలిగింది. పొడుగాయన. ఆయన ఎక్కడిదాకా చదివాడో చూపే ఆ రంగు గీత వరస వరసా కిందికి జరిగింది. జోకుల దగ్గర ఆగింది. ఆసుపత్రి వరండాలో రాసిన వరస దగ్గరికొచ్చి నిలిచిపోయింది. ఎంతసేపటికీ కదలకపోతే, మూసేసి వెళ్లిపోయాడేమోనని అతను భయపడ్డాడు.

అప్పుడు ఆ వరస కిందే ఒక్కొక్క అక్షరం పడింది.

"వస్తున్నా అన్నా."

పొడుగాయన ఇల్లు ఊరికి ఆ చివర. ఆ మోకాలితో రావడానికి గంటైనా పడుతుంది. పెద్దమేస్త్రి లేచి రెండో కుర్చీ దగ్గరికి వెళ్లాడు. బట్టల కుప్పంతా మంచం మీదికి తెచ్చుకుని, పక్కన కూర్చుని, మొదటి చొక్కా మడతపెట్టాడు.