ఎడమచేతి పూత

రంగుల మేస్త్రిది ఎడమచేతి వాటం. గదికి రంగు వేయడం అయిపోయాక, బ్రష్‌లో మిగిలినదాన్ని ద్వారబంధం పైఅంచు మీద, ఎవరి కంటా పడని చోట, కుడి నుంచి ఎడమకి ఒక్క లాగు లాగి చివర కొక్కెంలా తిప్పేవాడు. పనివాళ్లు దాన్ని "మేస్త్రి సంతకం" అని ఎగతాళి చేసేవాళ్లు. ఆ మాటకి ఆయన పైకి విసుక్కున్నా లోపల మురిసిపోయేవాడు.

ఆయనకి గిరాకీ తెచ్చింది మాత్రం రంగు కాదు, చెమ్మ. నేలలోంచి గోడకి నీరెక్కే ఇళ్లుంటాయి. వాటిని నిజంగా బాగుచేయాలంటే గోడ మొదలంటా తవ్వాలి, ఓనరుకి చేతి చమురు వదులుతుంది. అంత ఓపిక లేనివాళ్లు టులెట్ బోర్డు పెట్టే ముందు మేస్త్రికి కబురు పెట్టేవాళ్లు. ఆయన పొంగిన పెచ్చులు గీకేసి, లప్పం దట్టంగా పట్టించి, నున్నగా రుద్ది, పైన ఆయిల్ పెయింట్ రెండు పూతలు వేసేవాడు.

"వానలు పడేదాకా నాది పూచీ. ఆ తర్వాత గోడ ఇష్టం" అనేవాడు.

ఓనర్లు నవ్వేవాళ్లు, ఆయనా నవ్వేవాడు. అద్దెకు దిగబోయేవాళ్లు ఆ నవ్వులో ఎక్కడా లేరు. ఆయన దాన్ని మోసం అనుకోలేదు, పనితనం అనుకున్నాడు. నిజం చెప్పొద్దూ, పనితనమే. అదే వచ్చిన చిక్కు.

కొన్నాళ్లకి భుజం మొరాయించింది. చెయ్యి తల దాటి లేవనంటోంది. రేపు బ్రష్ పట్టలేకపోతే పూట ఎలా గడుస్తుందని మొగుడూ పెళ్లాలిద్దరికీ బెంగ పట్టుకుంది. ఆయన గోడల మీదా, ఆవిడ కుట్టుమిషను మీదా ఇన్నేళ్లూ కూడబెట్టినదంతా పోగేస్తే, వరసగదుల్లో ఒక్క గది వస్తుంది. దాన్ని అద్దెకిస్తే ముసలితనంలో ఒకరి ముందు చెయ్యి చాపక్కర్లేదు. కడుపున పిల్లలు లేరు కాబట్టి, ఆ గదే మనల్ని చూసుకుంటుందిలే అని ఇద్దరూ నవ్వుకున్నారు.

బ్రోకరు గది తలుపు తీయగానే మేస్త్రి తిన్నగా గోడ దగ్గరికి వెళ్లి అరచేత్తో నిమిరాడు. మొహం వెలిగిపోయింది.

"ఎవడో గానీ చెయ్యి తిరిగినవాడు వేశాడే. చూడు, ఎక్కడా చిన్న గీత లేదు" అన్నాడు భార్యతో.

"ఒకసారి కింద గీకి చూడండి" అంది ఆవిడ.

"గోడ గురించి నువ్వు నాకు చెప్తున్నావా?"

ఆవిడ కొంగు సర్దుకుని గుమ్మం బయటికి నడిచింది. బ్రోకరు నేల చూపులు చూశాడు. ఓనరు తరఫున బ్రోకరే సంతకాలు పెట్టాడు, గది రిజిస్ట్రేషన్ అయిపోయింది.

గదికి ఇంకా ఎవరూ రాకముందే వానలు మొదలయ్యాయి. ఒకరోజు తాళం తీసేసరికి ముక్కిపోయిన వాసన గుప్పుమంది. వెనక గోడ కింద మోకాలెత్తు దాకా పొంగి ఉంది. మేస్త్రి ఏ వెధవ వేశాడో అని తిట్టుకుంటూ, చెమ్మ పైదాకా ఎక్కిందేమో చూద్దామని బల్ల తెచ్చుకుని ఎక్కి, గోడలన్నీ కలయజూశాడు. ఎదురుగా ద్వారబంధం పైఅంచు కనిపించింది. దుమ్ము కింద, కుడి నుంచి ఎడమకి ఒక్క లాగు, చివర కొక్కెం.

బల్ల దిగి దాని మీదే కూర్చున్నాడు. అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. ఈ వరస మొత్తం ఒకే ఓనరుది, కొన్నాళ్ల కిందట రంగులేసింది తనే. అలాంటి వరసలెన్నో వేశాడు, గదులన్నీ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి కొనేటప్పుడు గుర్తుపట్టలేదు. పని ముగిసిన రోజు ఆ ఓనరుకి చెవిలో చెప్పిన మాట మాత్రం బాగానే గుర్తుంది.

"ఈ గది అద్దెకి పెట్టుకోకండి సార్. వానలు రాకముందే ఎవడికైనా అంటగట్టేయండి."

ఆయన చెప్పినట్టే ఆ ఓనరు అంటగట్టాడు.

ఈ సంగతి భార్యకి చెప్పడానికి మేస్త్రికి మొహం చెల్లలేదు. గీకి చూడమన్న మనిషికి ఏమని చెప్తాడు? గోడ తవ్వించడానికి చేతిలో పైసా లేదు. వానలు వెనకబట్టాక, లేవని భుజంతోనే గీకి, లప్పం పెట్టి, రెండు పూతలు వేశాడు. జీవితంలో అంత జాగ్రత్తగా ఏ గోడకీ వేయలేదు. ద్వారబంధం జోలికి మాత్రం పోలేదు.

కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే అమ్మాయి వాళ్లమ్మతో గది చూడడానికి వచ్చింది. పెద్దావిడకి ఆయాసం. గుమ్మంలోనే ఆగి ఊపిరి కూడదీసుకుని అడిగింది.

"గోడకి చెమ్మేమైనా వస్తుందా బాబూ? నాకు పడదు."

మేస్త్రి నోరు తెరిచేలోగా ఆ అమ్మాయే అంది. "రంగుల మేస్త్రిగారి సొంత గదమ్మా. ఆయన ఇంటి గోడకేం భయం?"

"నేనే నా చేత్తో వేశానమ్మా" అన్నాడు మేస్త్రి.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ తెలివికి ఆయనకే తన మీద అసహ్యం వేసింది. అయినా అడ్వాన్సు పుచ్చుకున్నాడు.

మళ్లీ వానలు పడ్డాయి. మేఘం కమ్మినప్పుడల్లా ఆ గోడే ఆయన కళ్లముందు ఆడేది. చివరికి ఆ అమ్మాయి, ఒకసారి వచ్చి వెళ్లండి అని ఫోన్ చేసింది. ఏమైందో చూద్దామని భార్య కూడా బయల్దేరింది. వద్దనడానికి ఆయనకి కారణం దొరకలేదు.

మంచం గది మధ్యకి లాగి ఉంది. పెద్దావిడ దాని మీద ముందుకి వంగి కూర్చుని ఊపిరి తీసుకుంటోంది. గోడ కింద భాగమంతా తడిగుడ్డతో తుడిచి తుడిచి రంగు వెలిసిపోయి ఉంది. మేస్త్రిని చూడగానే ఆవిడ లేవబోయింది.

"కోప్పడకు బాబూ. తప్పు నాదే. వానకి బట్టలు లోపలే ఆరేశాను. ఆ తడికే గోడ పాడయినట్టుంది. తుడిస్తే పోతుందనుకున్నాను, ఇంకా ఊడింది. నీ కష్టమంతా పాడుచేశాను. రంగు ఖర్చు మా అమ్మాయి ఇస్తుందిలే, మమ్మల్ని ఖాళీ మాత్రం చేయమనకు."

మేస్త్రి ఇప్పుడు ఊరుకుంటే చాలు. ఆవిడ నమ్మేసింది కూడా. భార్య ఆయన మొహం వంకే చూస్తోంది.

"తప్పు మీది కాదమ్మా" అన్నాడు. "చెమ్మ ముందునుంచీ ఉంది. కప్పెట్టింది నేనే. నేను కొనకముందోసారి, మీరు రాకముందోసారి. ఆ గుమ్మం పైన నా చేతి గుర్తు కూడా ఉంది."

భార్య తలెత్తి గుమ్మం వంక చూసింది, తర్వాత ఆయన ఎడమచేతి వంక చూసింది. అమ్మాయి మొహం ఎర్రబడింది. పెద్దావిడ మాత్రం కోప్పడలేదు. ఊపిరి అందేదాకా ఆగి, ఏదో అర్థంకాని లెక్క అడుగుతున్నట్టు మెల్లగా అడిగింది.

"నేను ఆ రోజు అడిగాను కదా బాబూ?"

"అడిగారమ్మా" అన్నాడు మేస్త్రి.