అమ్మ ముందు నడిచిన అయిదు రోజులు

మొదటి కొబ్బరికాయ నెల్లిమర్ల దాటకముందే వచ్చింది. రోడ్డుపక్క ఇంట్లోంచి ఒకావిడ తడిచేతులు చీరకి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి, పసుపు రాసిన కాయ మా అమ్మ చేతిలో పెట్టి, "అరసవల్లి ఎల్తన్నారు గదమ్మా, మా పేరున ఇది సామికి ఇచ్చియ్యి తల్లీ" అంది. మా అమ్మ దాన్ని రెండు చేతులా తడిమి, కళ్ళకద్దుకుని, నా సంచిలో పడేసింది. సంచీ నాది, భుజమూ నాదే. నడక ఇంకా అరవై కిలోమీటర్ల పైచిలుకు ఉంది.

మా వైపు ఇదొక పద్ధతి. మాఘమాసంలో అరసవల్లి సూర్యదేవుడి గుడికి కాలినడకన వెళ్ళేవాళ్ళు కనబడితే చాలు, వెళ్ళలేనివాళ్ళు తమ మొక్కుబడి తెచ్చి చేతిలో పెడతారు. కొబ్బరికాయ కావచ్చు, పరవాన్నానికి గుప్పెడు బియ్యం కావచ్చు, కంటిజబ్బు తగ్గినవాళ్ళయితే అగ్గిపెట్టెలో దాచిన వెండి కళ్ళు కావచ్చు. ఇచ్చినవాళ్ళ పేరూ గోత్రమూ గుళ్ళో చెప్పాలి. ఇస్తే వద్దనకూడదు. వద్దంటే మన మొక్కు కూడా చెల్లదట. ఈ చట్టం ఎవరు చేశారో గానీ వాళ్ళు జన్మలో సంచీ మోసి ఉండరు.

నేను ఈ నడకకి వచ్చింది భక్తితో కాదు, సోమవారం కోసం. మా అమ్మకి డెబ్బై నాలుగేళ్ళు. కళ్ళకి నీటికాసులు, అదే గ్లకోమా. కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంటిలో మధ్యన కాస్త చూపు మిగిలిందని, ఆపరేషన్ చేస్తే ఆ కాస్తా నిలబెట్టవచ్చని, ఆలస్యం చేస్తే అదీ పోతుందని, పోయిన చూపు మళ్ళీ రాదని డాక్టరు దీపావళికి ముందే చెప్పాడు. ఆవిడ కోతలంది, కుప్పలంది, నూర్పులంది. పొలంలో ఆవిడ చేసేదేమీ లేదు, గట్టుమీద కూచుని అందర్నీ తిట్టడం తప్ప. చివరికి నేను ఏడ్చి గోలపెట్టి సోమవారంనాడు ఆస్పత్రిలో చేరడానికి ఒప్పిస్తే, "ముందు అరసవల్లి మొక్కు తీరాల" అంది.

ఆ మొక్కు నా గురించి మొక్కింది. నాకు అయిదో ఏట అమ్మవారు పోసి, కళ్ళు అంటుకుపోయి పదిరోజులు తెరవలేదట. తెరిస్తే నడిచి వస్తానని మొక్కుకుంది. నాకిప్పుడు నలభై తొమ్మిది. ఇన్నేళ్ళూ తీరిక దొరకని మొక్కుకి సరిగ్గా ఆపరేషన్ ముందువారమే తీరిక దొరికింది. "నీ కళ్ల మొక్కు తీర్సలేదనే సామి నా కళ్లు అడుగుతన్నాడు" అని ఆవిడ లెక్క. కారులో తీసుకెళ్తానన్నాను. "నడిసొస్తానని మొక్కినాను గానీ కారెక్కి వస్తానని మొక్కినానేటి?" అంది. ఇక చేసేది లేక బడికి సెలవు పెట్టి బుధవారం తెల్లవారగానే బయల్దేరదీశాను. ఆదివారం దర్శనం, సాయంత్రం బస్సులో తిరుగుప్రయాణం, సోమవారం ఆస్పత్రి. ఒక్క పూట జారినా మొత్తం జారిపోతుంది. ఆ మాట నాకు తప్ప ఎవరికీ పట్టలేదు.

మా గుంపులో మాతో కలిపి పదకొండు మందిమి. మాకొక పెద్ద. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి, ఏటా నడుస్తాడట. ఆయన నడక మొదలుపెట్టించాలంటే "రైట్ రైట్" అంటాడు. ఆపాలంటే "హోల్డాన్" అంటాడు. రైట్ రైట్ కంటే హోల్డాన్‌లే ఎక్కువ. ప్రతి ఊరి మొదట్లోనూ బిందెలతో ఆడవాళ్ళు నిలబడి ఉంటారు. మా కాళ్ళు కడిగి, పసుపు రాసి, దణ్ణం పెడితే వాళ్ళకి పుణ్యం. చన్నీళ్ళూ పసుపూ తగిలి బొబ్బలు భగ్గుమనడం మాకు దక్కేది. కాళ్ళయ్యాక పులిహోర. పులిహోరయ్యాక మజ్జిగ. ఆ తర్వాత అసలు పని, కొబ్బరికాయలు.

"ఇలా ఊరూరా గంటసేపు కూచుంటే ఆదివారానికి చేరతామా?" అని కండక్టరుగారిని నిలదీశాను.

"చేరతాం టీచరమ్మా. స్టేజీ ఉన్న కాడ బండి ఆపకపోతే పాసింజర్లు ఊరుకుంతారేటి?" అన్నాడు.

ఆయనతో వాదించి లాభం లేదని, నేను ముందు నడవడం మొదలుపెట్టాను. నేను ముందుంటే మిగతావాళ్ళు సిగ్గుపడి నడుస్తారని నా ఆశ. మా అమ్మ కూడా "నువ్వు ముందు నడువు, నీ ఎనకాల నాను వస్తాను" అనేది. వెనక్కి తిరగకుండానే నేను ఎండనీ, గుంతల రోడ్డునీ, సంచి బరువునీ, కండక్టరుగారినీ, మొక్కులు కనిపెట్టినవాళ్ళనీ వరసపెట్టి తిట్టుకుంటూ నడిచేదాన్ని. ఆవిడ చేతికర్ర టక్కుటక్కుమంటూ నా వెనకే వచ్చేది. ఒక్కసారి కూడా నోర్ముయ్యమనలేదు. ఇంట్లోనైతే రెండో మాటకే అనేది. దారిలో పుణ్యం పోతుందని ఊరుకుంటోందనుకున్నాను.

గురువారం సాయంత్రం చీపురుపల్లి చేరేసరికి పద్నాలుగిళ్ళవాళ్ళవి కలిపి పద్నాలుగు కొబ్బరికాయలు, ఏడు బియ్యం మూటలు, మూడు అగ్గిపెట్టెలు. వాళ్ళలో ఒకావిడ పరవాన్నం నైవేద్యం పెట్టడానికి చిక్కుడాకులు కూడా తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది, అరసవల్లిలో చిక్కుడాకులు మొలవవన్నట్టు. పేర్లూ గోత్రాలూ నా చేత రాయించి, రాత్రి పడుకోబోయే ముందు చదివించుకుని, మా అమ్మ అప్పజెప్పేది. బళ్ళో నా పిల్లలు ఎక్కాలు అలా చదివితే ఎంత బావుండును.

శుక్రవారం పొద్దున నా భుజం పైకి లేవలేదు. అక్కడే టీకొట్టు దగ్గర పొందూరు వెళ్ళే ఆటో ఆగి ఉంది. పొందూరులో మా చిన్నాన్న కూతురుంది. మర్నాడు మేం ఎలాగూ ఆ ఊరి మీదుగానే వెళ్ళాలి. మా అమ్మ మొహం కడుక్కోవడానికి వెళ్ళిన సమయం చూసి, సంచీ మొత్తం ఆటోలో వేసి, మా చెల్లికి ఫోన్ చేసి చెప్పేశాను. ఇంతకంటే తెలివైన పని నేను ఆ వారంలో చెయ్యలేదని సంబరపడ్డాను. చేతులూపుకుంటూ నడుస్తుంటే ఎండ కూడా బాగానే ఉంది.

అయిదు కిలోమీటర్లు నడిచాక ఓ జీడితోట నీడలో హోల్డాన్. ఒకాయన కొబ్బరికాయ తెచ్చాడు. మా అమ్మ దాన్ని పట్టుకుని నా సంచి కోసం చెయ్యి చాపింది. సంచి లేదు.

"ఏదే?"

చెప్పాను. ఆవిడ అరవలేదు. ఉన్నచోటనే చతికిలబడిపోయింది.

"నడిసెల్లే మనిసని నమ్మి నా సేతికిచ్చినారు. ఆటోకి ఇవ్వలేదు. పద్నాలుగిళ్ల మొక్కులు బండెక్కించేసినావు. ఇంక నాను నడిసేటి, మానేటి. నాను రాను."

కొబ్బరికాయలకి కాళ్ళు లేవని, అవి ఎలా వెళ్ళినా వెళ్ళినట్టేనని, సోమవారం ముంచుకొస్తోందని నేను గొంతు చించుకున్నాను. గుంపంతా నన్ను హంతకురాలిని చూసినట్టు చూసింది. కండక్టరుగారు గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు. "ఎక్కడ తప్పు ఎక్కిందో అక్కడికే ఎనక్కి తేవాల. చీపురుపల్లిలో మల్లీ దింపి, అక్కడి నుంచి నడిపించుకు రావాల. అప్పుడు బండెక్కింది లెక్కలోకి రాదు."

ఇలాంటి తీర్పు లోకంలో ఇంకెక్కడైనా ఇస్తారా అని అడగబోతూ ఆగిపోయాను. మధ్యాహ్నం చుక్కల మందు వెయ్యాలి. రోజుకి మూడుసార్లు, వేళ తప్పకూడదని డాక్టరు మరీమరీ చెప్పిన మందు. విజయనగరంలోనే దొరక్క విశాఖపట్నం నుంచి తెప్పించుకున్నాం. ఎండకి పాడవకుండా చల్లగా ఉంటుందని, పొద్దున చుక్కలు వెయ్యగానే సీసాని ఆ చిక్కుడాకుల తడిగుడ్డలో పెట్టాను. ఆ తడిగుడ్డ సంచీలో ఉంది. సంచీ ఆటోలో ఉంది.

మూడు రోజులుగా ఆవిడ చూపు కోసమే అందరిమీదా ఎగురుతున్నదాన్ని, నా చేతులతో నేనే ఆ మందుని సాగనంపాను. కండక్టరుగారు చీపురుపల్లి ఆటోస్టాండులో తనకు తెలిసినవాళ్ళకి ఫోన్లు చేసి, వాళ్ళ ద్వారా ఆ డ్రైవరుని పట్టుకున్నాడు. ఆటో వెనక్కి తిరిగి మా దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంట దాటింది. గంటన్నర ఆలస్యం.

సీసా తీసి, మా అమ్మ తల వెనక్కి వంచి, ఎడమకంటి మీదికి చెయ్యి తెచ్చాను. రోజూ ఇంట్లో మంచం మీద, దారిలో చాప మీద పడుకోబెట్టి, కళ్ళు మూయించి, రెప్ప నేనే ఎత్తి వేసేదాన్ని. ఇవాళ ఆవిడ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. సీసా మూతి కంటికి తగిలేంత దగ్గరికి వెళ్ళినా రెప్ప కదలలేదు. చుక్క పడ్డాక ఉలిక్కిపడింది.

"అమ్మా, నా చెయ్యి కనబడుతోందా?"

మా అమ్మ గాలిలోకి చెయ్యి చాపి నా మణికట్టు కోసం తడిమింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"ఎలుగు తెలుస్తన్నాది. మనిసి తెలవడం లేదు. నూర్పుల కాడి నుంచి."

"నూర్పులనుంచా? మరి చెప్పవేం? ఇంత దూరం ఎలా నడిచావు?"

"సెప్తే తీసుకొస్తావేటి?" అంది. కర్ర దగ్గరికి లాక్కుని, "ముందర నువ్వు సణుగుతన్నావు గదే. ఆ సణుగుడు ఎటు ఇనబడితే అటు నడిసినాను" అంది.

నాకు ఆవిడని కొట్టాలనిపించింది. ఆ పక్కనే కూలబడి ఏడవాలనిపించింది. ఆ ఆటోలోనే ఎక్కించుకుని ఆస్పత్రికి పోదామని ఫోన్ చేశాను. డాక్టరు సోమవారంగానీ రాడని, మందు వేళకి వేస్తూ ఉండమని అవతలి అమ్మాయి చెప్పింది. మా అమ్మ నా మాట విని, "మరింకేటి. సోమవారం దాకా ఇంట్లో కూచోడం కంటే నడిసేదే నయం. ఆ సంచీ సంగతి సూడు ముందు" అంది. తన కళ్ళు పోతున్న సంగతి కంటే పద్నాలుగు కొబ్బరికాయలు ఎక్కువైన మనిషికి ఎవరు మాత్రం ఏం చెప్పగలరు? సీసా కండక్టరుగారి చేతిలో పెట్టి, సంచీతో అదే ఆటో ఎక్కాను.

చీపురుపల్లి టీకొట్టు దగ్గర దిగి, సంచీ భుజానికెత్తుకుని, మళ్ళీ అదే రోడ్డు పట్టాను. ఎండ మాడ్చేస్తోంది. తిట్టడానికి నోరు రాలేదు. కోతలంది, కుప్పలంది అని నేను ఇన్నాళ్ళూ ఆవిడ్ని దెప్పాను. ఆ నెలల్లో రోజూ మూడుసార్లు ఆ కంట్లో మందు వేసినదాన్ని నేనే. దగ్గర్నుంచి చూసినదాన్నీ నేనే. నా అయిదో ఏట పదిరోజులపాటు నా కళ్ళు చూసుకుంటూ కూచున్న మనిషి కంట్లోకి నేను ఒక్కరోజు కూడా సరిగ్గా చూడలేదు. సిగ్గేసింది. ఆ అయిదు కిలోమీటర్లూ ఒక్క మాట కూడా పైకి అనకుండా నడిచాను.

జీడితోట చేరేసరికి అందరూ లేచి కూచున్నారు. మా అమ్మ రోడ్డువైపే మొహం పెట్టి ఉంది. నేను వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ నాలోంచి రోడ్డుకేసి చూస్తూ, కండక్టరుగారితో, "పొద్దు వాలిపోతన్నాది బాబూ. మా పిల్లగుంట ఇంకా రాలేదేటి?" అంది.

కండక్టరుగారు నావైపు చూసి తల దించుకున్నాడు. నేను సంచీ రెండో భుజానికి మార్చుకున్నాను.

"ఈ దిక్కుమాలిన మూట మొయ్యలేక చస్తున్నాను" అన్నాను.

ఆవిడ మొహం నావైపు తిరిగింది. కర్ర ఆనించుకుని లేచింది. "నడువు మరి. బేగి నడువు" అంది.

ఆ తర్వాత రెండురోజులూ నేను నోరు మూయలేదు. నిజంగా కోపం వచ్చినప్పుడు తిట్టడం తేలిక. కోపం చచ్చిపోయాక, గంటల తరబడి, గుంత వస్తే గుంతని, రాయి వస్తే రాయిని పేరుపెట్టి తిట్టుకుంటూ నడవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మాటలు అయిపోయి నేను ఆగినప్పుడల్లా కండక్టరుగారు, "టీచరమ్మా, ముందర ఊర్లో గంటసేపు ఆపుతాను" అని కావాలని రెచ్చగొట్టేవాడు. ఆపేవాడు కాదు. కాయలు మాత్రం నడుస్తూనే పుచ్చుకునేవాళ్ళం. నాగావళి వంతెన దాటి, ఆటోలూ లాడ్జీలూ కిక్కిరిసిన అరసవల్లి వీధిలోకి ఆదివారం మధ్యాహ్నానికి చేరాం. వరసలో నిలబడి లోపలికి వెళ్ళాక మా అమ్మ ఇరవై రెండు పేర్లూ గోత్రాలూ ఒక్కటి తప్పకుండా చెప్పింది. నేను కాగితం చూసుకుంటూ సరిచూశాను. ఆఖర్న నా పేరు చెప్పింది. తన పేరు చెప్పమని నేను గుర్తుచేస్తే, "నాది నువ్వు సెప్పు" అంది. చెప్పాను. ఆ ఒక్కటీ నమ్మకంతోనే చెప్పాను.

సోమవారం చేరింది, మంగళవారం ఆపరేషన్ చేశారు. ఉన్న వెలుతురు నిలిచిందని, అంతకుమించి లేదని డాక్టరు చెప్పాడు. కిటికీ ఎటుందో ఆవిడకి తెలుస్తుంది. వంటింట్లోకి నేను వచ్చానో లేదో తెలియదు.

అందుకని ఇంట్లో నేను సణుగుతూనే తిరుగుతాను. కూరలవాడిని, కరెంటుని, బళ్ళో హెడ్మాస్టరుని, ఎవరు దొరికితే వాళ్ళని. ఆవిడ గోడ వదిలేసి నా గొంతు పట్టుకుని నడిచొస్తుంది. నిన్న పొయ్యి మీద పాలు పొంగిపోయాయని చాలాసేపు తిట్టాను. ఆవిడ కుర్చీలోంచి లేచి నా దగ్గరికి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసేదాకా తిడుతూనే ఉన్నాను. పాలేమీ పొంగలేదు.