ఎదురు ఫ్లాట్ ఆంటీ దండం

జెర్సీ సిటీలో మా ఎదురు ఫ్లాట్‌లో ఫిలిప్పీన్స్ నర్సు ఆంటీ ఒకావిడ ఉండేది. డ్యూటీకి బయల్దేరే ముందు మేరీమాత బొమ్మ దగ్గర అగరొత్తులు వెలిగించి, వాటిని రెండు చేతులతో నుదుటిదాకా ఎత్తి వంగేది. ఆ తర్వాతే శిలువ గుర్తు వేసుకునేది. మమ్మల్ని చూసి నేర్చుకుందని మేం తెలుగువాళ్లం తెగ మురిసిపోయేవాళ్లం.

ఒకరోజు వరండాలో పొగ వాసన వస్తోందని ఎవరో కంప్లయింట్ చేశారు. బిల్డింగ్ మేనేజర్ నేరుగా మా తలుపు కొట్టి, ఇలాగైతే లీజ్ రెన్యూ చెయ్యనన్నాడు. ఆంటీ బయటికొచ్చి, "ఆ వాసన మా ఇంట్లోది," అంది.

అతను ఆవిడ మెళ్లో శిలువ చూసి నవ్వాడు. "పాపం, వీళ్లని కవర్ చెయ్యకండి."

ఆంటీకి కోపమొచ్చింది. అతన్ని లోపలికి తీసుకెళ్లి, బియ్యం గ్లాసులో గుచ్చిన పుల్లలు చూపించింది. "చైనా నుంచి మనీలా వచ్చిన మా తాత అమ్మమ్మని పెళ్లి చేసుకోడానికి చర్చిలో చేరాడు. దండం మాత్రం తన పద్ధతిలోనే పెట్టాడు. మనీలాలో మా చైనావాళ్ల పేటలో అందరం ఇంతే."

మర్నాడు అగరొత్తులు వెలిగించొద్దని రెండు తలుపులకీ నోటీసులు అంటించారు. ఆంటీ తనదాన్ని చింపకుండా జాగ్రత్తగా ఊడదీసి నాకు చూపించింది.

"చూశావా, మా తాతని ఈ దేశంలో ఇప్పటికి గుర్తించారు."